ఆర్మండ్ పెల్కీ మాకు దక్కని భాగ్యం

మీ ఊరి వంతెన కూలిపోయేలా ఉందా? ఏం దిగులు పడకండి! మీ గవర్నర్‌ని అధ్యక్షుడి కొలువుకి పంపేయండి. మేం ఆ పనే చేశాం.

మా ఆర్మండ్ పెల్కీ గవర్నర్‌గా ఉన్నన్నాళ్లూ మేం పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. చర్చిలో శనివారం బీన్స్ విందు పెడితే గరిట పట్టుకుని ఆయనే వడ్డించేవాడు. వంతెన మాటెత్తితే "వచ్చే ఏడు తప్పకుండా" అని ఇంకో గరిటెడు వేసేవాడు. మనిషి ఎదురుగా నవ్వుతూ కనిపిస్తుంటే ఆశ ఎలా చస్తుంది?

ఆయన వాషింగ్టన్‌లో అధ్యక్షుడికి కుడిభుజం అయ్యాక ఆ బాధ తీరింది. అధ్యక్షుణ్ణి ఎవరు కలవాలో, ఎవరు కలవకూడదో ఆయనే తేలుస్తాడట. మంత్రులే గుమ్మం బయట కాళ్లు పీకేలా నిలబడతారట! మంత్రులకే దిక్కు లేనిచోట మన ఫోన్ ఎత్తలేదని ఏడవడం దేనికి?

వంతెనకి కూడా విశ్రాంతి దొరికింది. మూసేశారు. ఇప్పుడు అంబులెన్స్ కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది. దారి పొడుగునా ఎంత అందమైన అడవి! మా ఊరి సభ నడిపే డోర్కస్ విట్‌కమ్ భర్త ఎల్డన్ మొన్నటి చలికాలంలో ఆ అడవి మధ్యలోనే, అంబులెన్స్‌లో కన్నుమూశాడు. మంచి మనిషి.

ఈలోగా అధ్యక్షుడు అలిగి ఆర్మండ్‌ని సాగనంపాడు. సెనేటర్ కావాలన్న కోరికతో ఆయన ఈ మార్చిలో మా ఊరి సభకి వచ్చి మైకు అందుకోబోయాడు. డోర్కస్ చెక్క సుత్తితో బల్ల మీద ఒక్కటి కొట్టింది.

"ఆగు ఆర్మండ్. నీ ఓటెక్కడుంది?"

"అదేంటి డోర్కస్, నన్నెరగవా?"

"బాగా ఎరుగుదును. ఓటెక్కడో చెప్పు."

"వర్జీనియాలో... మార్చేసుకుంటాలే!"

ఇక్కడ ఓటు లేనివాడు మాట్లాడాలంటే సభ చేతులెత్తి ఒప్పుకోవాలి. అది మా తాతల నాటి పద్ధతి. కిందటేడు పొరుగూరి బీమా ఏజెంటుకి కూడా ఒప్పుకున్నాం.

"మాట్లాడనిద్దామా?" అని డోర్కస్ అడిగింది.

ఒక్క చెయ్యీ లేవలేదు. నేనైతే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

"వచ్చే ఏడు తప్పకుండా, ఆర్మండ్," అంది డోర్కస్.

తర్వాత వంతెన సంగతి చర్చకి వచ్చింది. దానికి జవాబు చెప్పాల్సిన మనిషి అప్పటికే కారెక్కి కొండ చుట్టూ తిరుగుతున్నాడు.