ఫ్యూజు చోట ఉలి

ఫ్యూజు అనేది పిరికివాళ్ల కోసం కనిపెట్టిన వస్తువు! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా తిరిగే జీపులను, వాటికి వైరింగు చేసే మహానుభావులను చూసి చూసి అంటున్నాను.

మీరే ఆలోచించండి. ఫ్యూజు చేసే ఘనకార్యమేమిటి? కరెంటు కాస్త ఎక్కువైతే చాలు, తాను కాలిపోయి బండి పనిని ఆపేస్తుంది. పని మధ్యలో చేతులెత్తేసేవాడిని మనం కూలికి కూడా పిలవం. అలాంటిదాన్ని బండిలో పెట్టుకుని మోయడం ఎందుకు?

ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించినవాడు మా నంద్యాల మద్దిలేటి. ట్రాక్టర్లకూ జీపులకూ వైరింగు చేస్తాడు. ఆయన దగ్గర టేపు అయిపోతే అరటినార చుడతాడు. ఎవరైనా అనుమానంగా చూస్తే "ఏం కాదులే అప్పా" అంటాడు. కంపెనీవాళ్లు ఇచ్చే గ్యారంటీ కార్డు ఏడాదికే చెల్లిపోతుంది. మద్దిలేటి మాటకు గడువే లేదు.

ఆళ్లగడ్డలో పౌలు అని ఒక డ్రైవరున్నాడు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపొకటి కొనుక్కుని, విగ్రహాలు చెక్కేవాళ్లకు కొండ మీది నుంచి రాళ్లు తెచ్చిపెడుతుంటాడు. ఆ జీపు ముందు బంపరు మీద ఒక మోటారు ఉంటుంది. దానికి చుట్టిన ఉక్కుతాడుతో ఎంత బండనైనా లాగుతుంది. వించి అంటారు దాన్ని. మిలిటరీ వాళ్లు ఆ వించికి ఒక ఫ్యూజు, బ్యాటరీని ఆపడానికి ఒక స్విచ్చి, కేబులు దూరే రేకు కంత చుట్టూ అంచు కోయకుండా రబ్బరు పెట్టుకున్నారు. యుద్ధానికి పోయేవాళ్లకు ఇంత భయమైతే దేశం గతేమిటి?

ఒకసారి శిల్పి శ్రీనివాసులు ఆంజనేయస్వామి విగ్రహానికి పెద్ద రాయి చూసుకున్నాడు. పౌలు లాగబోయిన ప్రతిసారీ ఫ్యూజు కాలిపోయింది. కబురు పెడితే మద్దిలేటి బస్సు దిగాడు. ఫ్యూజు పీకి పారేశాడు. శ్రీనివాసులు అరిగిపోయిన ఉలి ఒకటి తీసి ఇచ్చాడు. ఆ ఉలి ఫ్యూజు ఉండిన రెండు బోల్టుల మధ్య కొలత తీసినట్టు కూర్చుంది! బ్యాటరీ స్విచ్చిని దండగ చేయడమెందుకని మద్దిలేటి దాన్ని హారనుకు కలిపాడు. రబ్బరు ఎండి పెళుసెక్కిందని అదీ తీసేశాడు. పల్లెపల్లెకూ ఇంతటి ఇంజనీర్లు ఉండగా మనకు ఇంకా పరాయి దేశాల సాయం కావాలంటారా?

అడ్డు తగిలింది పౌలు భార్య సలోమి ఒక్కతే.

"మద్దిలేటన్నా, ఏమన్నా అయితే కరెంటు యాడ ఆపల్ల?"

"ఏమన్నా అయితే కదమ్మా! ఏం కాదులే."

"ఈయప్ప రెండు చేతుల మీదనే మా ఇల్లు నడుస్తాండాదన్నా."

అందరూ నవ్వారు. ఆడవాళ్లకు భయమెక్కువ అన్నారు. అయినా ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక పాస్టరుగారిని పిలిపించి జీపు ముందు ప్రార్థన చేయించారు. శిల్పులు వాళ్ల పద్ధతిలో కొబ్బరికాయ కొట్టి, బంపరుకు నిమ్మకాయలు కట్టారు. రెండు మతాల రక్షణ ఉన్న బండికి ఇంకా ఫ్యూజు కూడా కావాలనడం అత్యాశ కాదా?

ఆ రోజు కొండ దగ్గర రాయి కదిలింది. వించి మూలిగింది. బండి అదురుతుంటే రేకు అంచు కేబులును కోసింది, లోపలి రాగితీగ బండి రేకుకు తగిలింది. ఫ్యూజు ఉండుంటే వెంటనే కాలిపోయి అందరి పరువూ తీసేది. ఉలి అలాంటిది కాదు, నిలబడింది. బానెట్టు కింద నుంచి పొగ, ఆ వెనకే మంట లేచాయి.

పౌలు చెయ్యి పాత అలవాటుగా స్విచ్చి మీదికి పోయింది. గట్టిగా నొక్కాడు. హారను మోగింది. కూలీలు తప్పుకోమంటున్నాడేమో అనుకుని మర్యాదగా పక్కకు జరిగారు.

బ్యాటరీ క్లాంపు విప్పడానికి పానా వెతికే వ్యవధి లేదు. పౌలు కాలుతున్న కేబులును రెండు చేతులా పట్టుకుని పీకేశాడు. మంట ఆరింది. జీపు దక్కింది.

నేను నంద్యాల ఆసుపత్రికి వెళ్లేసరికి సలోమి ముద్ద కలిపి మొగుడి నోట్లో పెడుతోంది. ఆయన చేతులు రెండూ కట్టుగుడ్డల్లో ఉన్నాయి. కుడిచేతి వేళ్లు ఇక ముడుచుకోవని డాక్టరు చెప్పాడట. స్టీరింగు పట్టుకోవాలంటే వేళ్లు ముడుచుకోవాలి కదా. అయినా వచ్చినవాళ్లందరూ ఒకటే మాట: "దేవుని దయప్పా, జీపుకు ఏం కాలేదు."

అంతలో మద్దిలేటి వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం విప్పి చూపించాడు. "సూడు పౌలన్నా, ఉలికి ఏమీ కాలేదు! మల్లా అదే యేసేస్తా."

సలోమి ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. "అది కాలల్సింది కదన్నా," అంది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. కానీ ఇది ఫ్యూజును తిట్టడానికి మొదలుపెట్టిన వ్యాసం కాబట్టి ఆ సంగతి పక్కన పెడుతున్నాను.

ఒక్క సవరణ మాత్రం చేసుకోవాలి. ఆ జీపులో ఫ్యూజు లేదని రాశాను. తప్పు. ఉంది. పౌలు అనే ఫ్యూజు ఉంది, కాలాల్సిన సమయానికి కాలి బండిని కాపాడింది.

విగ్రహం ఆగకూడదు కాబట్టి శ్రీనివాసులు ఇప్పుడు అదే జీపుకు వేరే డ్రైవరును వెతుకుతున్నాడు. దొరుకుతాడులెండి. ఆళ్లగడ్డ అంగళ్లలో ఫ్యూజులకు కొరత ఉంటే ఉండొచ్చు గానీ, ఊళ్లో మనుషులకు ఏం కొరత?