హోదా తెలిసిన ద్రావకం

వెదురుపాలెం కాగితపు మిల్లులో గుజ్జు కడిగిన ద్రావకం, పెద్ద అధికారి ఎదురుగా నిలబడితే తన గులాబి రంగును తానే వదిలేసుకుంటుంది. ఒళ్ళు మండించే క్షారం అందులో ఉంటే, పరీక్ష చుక్క వేయగానే గులాబి రంగు రావాలి. ఆమ్లం కలిపి, ఆ రంగు పోయాకే కాలవలోకి వదలాలి. రసాయన శాస్త్రం చెప్పేది ఇంతే. పాపం, దానికి ఉద్యోగం చేసిన అనుభవం లేదు.

ఈ సుగుణం బయటపడ్డాక మిల్లు ఆమ్లం కొనడం మానేసింది. గులాబి రంగు వస్తే మేనేజర్ పురుషోత్తం గారిని పిలిచేవారు. ఆయన ఫ్లాస్కు ముందు నిలబడి గొంతు సవరించుకునేవారు, రంగు పోయేది. ఆయన సెలవులో ఉన్నప్పుడు ఫొటో పెట్టి చూశారు, పని చెయ్యలేదు. పాత మేనేజర్‌ను బతిమాలి తీసుకొస్తే, రిటైరైన మనిషని తెలిసిపోయిందేమో, ద్రావకం ఇంకాస్త ఎర్రబడింది.

చిక్కల్లా ల్యాబ్ కెమిస్టు పరిమళతో వచ్చింది. చిన్న ఉద్యోగి కనుక ఆమె ముందు ద్రావకం మొహమాటపడేది కాదు. గులాబి రంగు కనబడగానే ఆమె కాలవ షట్టర్ దింపించేసేది. దిగువన ఆకుకూరలమ్ముకునే నూకరత్నం అదే కాలవలో దిగి తోటకూర కట్టలు కడుక్కుంటుంది. "నీళ్ళలో దిగితే కాళ్ళు మండిపోతన్నాయమ్మా, కూర కూడా మాడిపోతంది" అని ఒకసారి ల్యాబ్ దాకా వచ్చి పరిమళతో మొరపెట్టుకుంది. పరిమళకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

షట్టర్ దింపినప్పుడల్లా మిల్లు ఆగిపోయేది. యాజమాన్యం ఆలోచించింది. పరిమళను తిట్టలేదు, బదిలీ చెయ్యలేదు. క్వాలిటీ ఆఫీసర్‌ని చేసింది.

పరిమళ ఎగిరి గంతేసింది. ఇక తన మాటకు విలువ ఉంటుందనుకుని మిల్లంతా మిఠాయి పంచింది. ఆ రోజు నుంచి ఏ ఫ్లాస్కూ ఆమె ముందు రంగు చూపలేదు. మిగతా అధికారుల సంగతి ఎలా ఉన్నా, తనతో మాత్రం ద్రావకం అబద్ధమాడదని ఆమె గట్టి నమ్మకం. షట్టర్ ఎత్తించేసింది.

కొన్నాళ్ళకు నూకరత్నం చెంబుతో కాలవ నీళ్ళు పట్టుకొచ్చింది. పరిమళ ఎంతో శ్రద్ధగా పరీక్ష చుక్క వేసింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"చూశావా, ఏమీ లేదు!" అంది పరిమళ నిజమైన సంతోషంతో. "ఇంకా కాళ్ళు మండుతున్నాయా?"

నూకరత్నం కిందికి చూసుకుంది. పొక్కులు ఎర్రగానే ఉన్నాయి. ఆఫీసరుగారు అంత ఆప్యాయంగా అడుగుతుంటే చూపించడం బాగుండదనిపించింది. చీర కుచ్చిళ్ళు కిందికి లాగి వాటిని కప్పేసింది.

"తగ్గిపోయాయండి, మేడంగారూ" అంది.