ఎంపికలో తప్పిన రొయ్యలు

హానోవర్ శివారులోని మరుగుజ్జు రొయ్యల పోషక సంఘం అధ్యక్షులు శ్రీ ఫోల్క్‌మార్ డిస్టెల్‌కాంప్ గారి ఇంట మరో పద్నాలుగు రొయ్యలు పరమపదించాయనీ, సభ్యులు లేచి ఒక నిమిషం మౌనం పాటించారనీ తెలియజేయడమైనది.

ఇవి తినే రొయ్యలు కావు. గాజుతొట్టిలో పెంచుకునేవి, వేలి గోరంత ఉంటాయి. ఒంటి మీద ఎర్ర పట్టీలు, తెల్ల పట్టీలు. తెలుపు ఎంత చిక్కనైతే వంశం అంత గొప్పది. ఫోల్క్‌మార్ సేవకు వంక పెట్టడానికి లేదు. నీళ్ళలో లవణాలన్నీ తీయించి, మళ్ళీ డబ్బాలోంచి లవణాలు కలిపేవాడు. రోజుకు మూడు పరీక్షలు. ఫలితం ఏదైనా సరే, నీళ్ళు మార్చడం ఖాయం. తొట్టికి పడదని భార్య ఇర్మ్‌గార్డ్ సెంటు మానేసి నాలుగేళ్ళయింది. అంత శ్రద్ధకు తట్టుకోలేక రొయ్యలు చచ్చేవి.

శనివారాలు వంశశుద్ధి. భూతద్దం పెట్టి చూసి, కాళ్ళలో తెలుపు పలచబడ్డవాటిని వలతో తీసి, మరుగుదొడ్డిలో పోసి రమ్మని భార్యకు అప్పగించేవాడు. ఆమెకు చేతులు రాలేదు. దోసకాయ ఊరగాయ సీసా కడిగి, తోటపీపాలోని వాననీళ్ళు నింపి, వాటిని అందులో వదిలి వంటింటి కిటికీలో పెట్టింది. గుర్తొచ్చినప్పుడు ఉడికిన పాలకూర ఆకు వేసేది, ఎక్కువగా మరిచిపోయేది. అవి పిల్లాపాపలతో వర్ధిల్లాయి. ఆడవాళ్ళ పిచ్చి అనుకుని ఫోల్క్‌మార్ ఆ సీసాకేసి చూసేవాడే కాదు.

సంఘం ఏటా పెట్టే రొయ్యల పోటీనాటికి ఆయన తొట్టి ఖాళీ. స్వర్ణపతకం పోతే అధ్యక్ష పదవీ పోతుంది. పదకొండేళ్ళుగా లోకంలో ఆయనకున్న మర్యాదంతా ఆ పదవే. ఆ ఉదయం కాఫీ కోసం వంటింట్లోకి వెళ్ళి సీసా ముందు ఆగిపోయాడు. నాచు మీద ఒక రొయ్య, పాలమీగడంత తెల్లగా, తీరిగ్గా మేస్తోంది.

పతకం దానికే వచ్చింది.

“ఈ తెలుపు ఒక్కనాటితో వచ్చేది కాదండీ,” అన్నారు న్యాయనిర్ణేత గొంతు సవరించుకుని. “ఏడు తరాల నిష్ఠ ఉండాలి. రక్తం అబద్ధమాడదు.”

ఫోల్క్‌మార్ కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ ఏకగ్రీవంగా అధ్యక్షుడై, బీరు గ్లాసులు నిండేలోపే తొలి తీర్మానం చేయించాడు: ఎంపికలో తప్పిన రొయ్యలను సభ్యులెవరూ ఇంట బతకనివ్వరాదు.

ఇంటికొచ్చి సీసా పారబోయమన్నాడు.

“పతకం తెచ్చినదాని తల్లి ఇందులోనే ఉంది మహానుభావా,” అంది ఇర్మ్‌గార్డ్.

“అందుకే చెప్తున్నా. రేపెవరైనా వచ్చి చూస్తే నా పరువేం కావాలి?”

ఆమె కదల్లేదు. ఆయనే తీసుకెళ్ళి పారబోశాడు.

అంతమాత్రాన ఆయన్ని కఠినాత్ముడంటే కళ్ళు పోతాయి. రంగూ వంశమూ సరిగ్గా ఉన్న ప్రాణికి ఆయన తెలిసి ఏనాడూ కీడు చేయలేదు. మనం మాత్రం చేశామా?