వెంకట్రాజుగారి తల మాయం

"మేడమ్, ఈ భూప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, నాకు దొరకబోతున్నవాళ్లు. మూడో రకం ఇంకా పుట్టలేదు!" అని ప్రకటించి, నల్ల కళ్లద్దాలు తియ్యకుండానే సోమసుందరం కూర్చోబోయాడు. కుర్చీ అటుంది, ఆయన ఇటున్నాడు. మెహరున్నీసా చప్పున కుర్చీ జరిపింది గానీ, లేకపోతే ఆ మహామేధ అక్కడికక్కడే నేలపాలయ్యేది.

'కొల్లేటి కేక' వారపత్రికకి రాసేవాళ్లు బోలెడుమంది. ఏలూరులో పనిలేని ప్రతివాడూ రాసేవాడే. నడిపేది మాత్రం మెహరున్నీసా ఒక్కతే. ప్రకటనలు తేవడం, ఏజెంట్లని బుజ్జగించడం, తాడేపల్లిగూడెం ప్రెస్సువాడి గడ్డం పట్టుకుని బతిమాలి గురువారం తెల్లారేసరికి కట్టలు బస్సెక్కించడం, అన్నీ ఆవిడ నెత్తినే. ఎడిటరు జీవరత్నంగారికి ఇవేవీ పట్టవు. "మనది స్వతంత్ర పత్రికమ్మా, ఎవరికీ తల వంచం" అంటాడు. తల వంచకుండా బతకాలంటే వారం వారం ఎవరిదో ఒక తల అచ్చెయ్యాలి. ఆ తల వెంకట్రాజుగారిది. చేపలకి మేత అమ్ముకుంటూ, పత్రికకీ ఇంత మేత పడేసే పుణ్యాత్ముడు. ఆయన ప్రకటన ఆగిందా, కేక కాస్తా కీచుమని ఊరుకుంటుంది.

ఇప్పుడా తలకే వచ్చింది తలనొప్పి. ఆ వారం పుట్టినరోజు శుభాకాంక్షలతో నాలుగో పేజీలో రంగుల్లో పళ్లికిలించాడాయన. తనని తాను చూసుకుని మురుద్దామని భీమడోలు సెలూన్లో పేపరు విప్పితే, మొహం ఉండాల్సినచోట నలుచదరపు కిటికీ! కాఫీ హోటలుకెళితే అక్కడా కిటికీయే. ఉంగుటూరు బస్టాండులోనూ, పెదపాడు కిళ్లీకొట్టులోనూ అంతే. ఆయన కారు నేరుగా ఏలూరొచ్చి ఆగింది.

"ఏవమ్మా, నా మొహం కోసి పారేసేంత కోపం జనానికుంటే, డబ్బిచ్చి మరీ కోయించుకోవడం దేనికి? ఎవడి పనో సోమారానికల్లా తేల్చు. తేలకపోతే ప్రకటనా లేదు, గికటనా లేదు!"

దాంతో జీవరత్నం తన చిన్ననాటి స్నేహితుడు సోమసుందరాన్ని పిలిపించాడు. ఆయన ఏళ్లతరబడి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. కంప్యూటర్లొచ్చి అది మూతపడ్డాక, అదే బోర్డు తిరగేసి 'ప్రైవేటు డిటెక్టివ్' అని రాయించాడు. గాలి గట్టిగా వీస్తే ఇప్పటికీ 'టైపు నేర్పబడును' అనే కనిపిస్తుంది. మొత్తానికి ఆయనదో టైపు.

సోమసుందరం కోసిన పేపరు మొహానికి పెట్టుకుని, కిటికీలోంచి ఒక కన్ను బయటికి పెట్టాడు. "ఇది కత్తిరింపు కాదు మేడమ్. శిరశ్ఛేదం! ఇవాళ ఫొటో తల, రేపు అసలు తల. హంతకుడు హెచ్చరిక పంపుతున్నాడు!"

"ఇన్ని ఊళ్లలోనా అండీ?"

"ముఠా!"

"ఏ చిన్నపిల్లలో కోసుకునుంటారేమోనండీ. ఈ మాట రాజుగారి చెవిన మాత్రం..."

అప్పటికే సోమసుందరం మెడలో తాడుకి వేలాడుతున్న సెల్లుఫోను చెవికెక్కింది. "హలో, రాజుగారాండీ? ఏం కంగారు పడకండి. మిమ్మల్ని చంపబోతున్నారు."

రాజుగారు కంగారు పడలేదు. హడలి చచ్చాడు. గేటుకి తాళం వేయించి, లోపల్నుంచి మెహరున్నీసాకి ఫోన్ చేశాడు. "ప్రకటన ఆపడం కాదమ్మాయ్, నాకేదైనా అయితే మీ పేపరు మీద కేసు పెడతాను!" తనకేదైనా అయ్యాక తానెలా పెడతాడో అడిగే ధైర్యం ఆవిడకి లేకపోయింది. ప్రకటన ఒక్కటే పోతుందనుకుంటే, ఇప్పుడు కోర్టు కూడా తోడొచ్చింది.

ఈ డిటెక్టివుని ఒంటరిగా వదిలితే ఉన్న చందాలు కూడా ఊడిపోతాయని మెహరున్నీసా వెంటబడి భీమడోలు వెళ్లింది. వెంట వెళ్లినా ఊడేవి ఊడాయి.

"కదలకు! ఏవిటది చేతిలో?" సెలూన్ గుమ్మంలోంచే గర్జించాడు సోమసుందరం.

"కత్తెరండీ," అన్నాడు సెలూను షాబాజ్.

"ఒప్పుకున్నాడు మేడమ్!"

"సెలూనండీ బాబూ ఇది. కత్తెర కాక కవ్వం ఉంటుందేవిటండీ?"

"పేపరు కోసిందెవరు?"

"మొన్నెవరో ఒకావిడొచ్చి, బాబూ ఓసారి కత్తెరిస్తావా అందండి. ఇచ్చానండి. పక్కకెళ్లి ఏదో కోసుకుని తిరిగిచ్చేసింది. ఎందుకని అడుగుతామేవిటండీ ఆడమనిషిని?"

"ఆడమనిషి! అంటే మగవాడే. మారువేషం! మీసాలున్నాయా?"

"ఆవిడకా అండీ?"

కుర్చీలో సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి పగలబడి నవ్వబోయి బ్లేడు గుర్తొచ్చి ఆగిపోయాడు. షాబాజ్ మెహరున్నీసా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "అక్కా, ఏవనుకోవద్దు. వచ్చేవారం నుంచి మాకు పేపరొద్దండీ. ఇంకేదైనా వేయించుకుంటాం."

పక్కనే ఉన్న హోటల్లో విచారణ పేరుతో సోమసుందరం పెసరట్టు, ఉప్మా, మళ్లీ పెసరట్టు పట్టించాడు. ఆధారాల కోసం వెళ్లినవాడు ఆహారాలతో తిరిగొచ్చాడు. వచ్చాక తేన్చి, "కేసు చిక్కబడుతోంది మేడమ్" అన్నాడు. చిక్కబడింది చట్నీ అని మెహరున్నీసాకి తెలుసు.

మర్నాడు పెదపాడు. చేపల చెరువుల గట్టు మీద రోడ్డు. నేరస్థుడెప్పుడూ వెనకనుంచే దాడి చేస్తాడు గనక, అసలైన డిటెక్టివు వెనక్కి నడవాలని సోమసుందరం సిద్ధాంతం.

"అలా నడవకండీ, పడిపోతారు."

"నా వీపుకి కళ్లున్నాయి మేడమ్!"

ఆ కళ్లకి శుక్లాలున్నట్టున్నాయి. ఎదురుగా వస్తున్న ఆటో కీచుమని బ్రేకు వేసి, ఆయన పంట్లాం వెనకభాగాన్ని మర్యాదగా తాకి ఆగింది. సోమసుందరం గిర్రున తిరిగి ఆటో అద్దం మీద బోర్లా పడ్డాడు. అద్దంలోంచి, ఆయన ముక్కుకి ముక్కు ఆనించి, పళ్లికిలిస్తూ వెంకట్రాజుగారు!

"అయిపోయింది మేడమ్! హత్య జరిగిపోయింది! ఆత్మ ఆటోలో తిరుగుతోంది!"

"ఆత్మేవిటండీ ఆత్మ?" డ్రైవరు పెద్దిరాజు కిందికి దూకాడు. "నడిరోడ్డు మీద వెనక్కి నడుస్తారేవిటండీ? గీతపడితే అద్దం మీరు వేయిస్తారా?"

మెహరున్నీసా దగ్గరికెళ్లి చూసింది. అద్దం బయటనుంచి చూస్తే జిగురులో తడిసిన రాజుగారు. లోపలికి వంగి చూస్తే, అదే కాగితానికి అటువైపు, కుంకుమ బొట్టుతో కొల్లేటికోట పెద్దింట్లమ్మవారు.

"ఇది మా పేపర్లోదేనాండీ?"

"ఆఁ, జాతరని మూడో పేజీలో రంగుల్లో వేశారు కదండీ. మాకు అమ్మవారంటే ప్రాణమండి. అమ్మవారున్న కాయితం రేపు ఏ బజ్జీల కొట్టుకో పోయిందనుకోండి, నూనె చేతుల్తో నలిపి రోడ్డు మీద పారేస్తారు. కళ్లెదురుగా అమ్మని తొక్కుతుంటే చూస్తామా అండీ? అందుకే పేపరు ఎక్కడ కనబడితే అక్కడ ముందే కోసేసుకుంటాం. మా వాళ్లంతా అంతేనండి. గుమ్మాలకీ, దోనెలకీ, ఐసు పెట్టెలకీ అంటించుకున్నాం."

"మరి వెనకాల ఎవరున్నారో చూశారా?"

పెద్దిరాజు అద్దం ముందుకొచ్చి చూశాడు. "ఎవరో పాపం, మైదాలో మునిగిపోయాడండీ."

సోమసుందరం ఆటోలోకి వంగి, కాగితం అంచున ఉన్న తెల్లటి ముద్ద గీరి పైకెత్తాడు. "దొరికింది మేడమ్, క్లూ!"

"క్లూ కాదండీ, గ్లూ," అంది మెహరున్నీసా.

కాగితానికి రెండో వైపంటూ ఒకటుంటుందని ఇన్నేళ్లలో ఆవిడకి తట్టలేదు. ఆవిడ దృష్టిలో పేజీ అంటే ప్రకటన. వెనకాలున్నది జీవరత్నంగారి రాతలు, వాటి జోలికి ఎవరూ వెళ్లరు.

అదే ఆటోలో రాజుగారి ఇంటికి వెళ్లారు. తాళం తీయించడానికే చాలాసేపు పట్టింది. సంగతంతా విని రాజుగారు ఎర్రబడ్డాడు. "అంటే నన్ను గోడకేసి అంటించారన్నమాట!"

మెహరున్నీసా గొంతు మరింత మెత్తబడింది. "అలా అంటారేవిటండీ? అమ్మవారు జనం వంక చూస్తుంటే, ఆవిడకి వెన్నుదన్నుగా మీరు నిలబడ్డారండీ. ఒక్కో ప్రకటన వారం బతకడమే గొప్ప. మీది వచ్చే జాతరదాకా హారతులందుకుంటుంది. ఇంత అదృష్టం ఏ మేత కంపెనీకైనా పట్టిందాండీ?"

"వెన్నుదన్ను," అని రాజుగారు మెల్లగా గొణుక్కున్నాడు. కళ్లు చెమర్చాయి. పొగడ్త పూస్తే మైదా అయినా గంధమే. ఏడాదంతా ప్రకటన ఖాయమన్నాడు. ఆపైన వెర్రి ముదిరింది. "అమ్మవారి చాటునుంటేనే ఇంతమంది కోసుకున్నారంటే, నేనే ముందుంటే ఎంతమంది కోసుకుంటారో! వచ్చేవారం మొదటి పేజీ నిండా నన్ను వెయ్యమ్మా."

"అలాగేనండి," అంది మెహరున్నీసా.

బయటికొచ్చాక సోమసుందరం గొంతు సవరించుకున్నాడు. కేసు ఛేదించినందుకు తనకి ఫీజేమీ వద్దట. ఫొటో, కింద 'అపర మేధావి' అనే బిరుదు వేస్తే చాలట. మెహరున్నీసా కాదనలేదు. రెండో పేజీలో, సరిగ్గా రాజుగారి వెనకాల వేయించింది.

గురువారం పేపరొచ్చింది. భీమడోలులో గానీ ఉంగుటూరులో గానీ ఒక్క కాపీకీ కత్తెర పడలేదు. ఒక్కరంటే ఒక్కరికీ ఆ రెండు తలల్లో దేన్నీ కాపాడాలనిపించలేదు.

"చూశారా మేడమ్!" సాయంత్రం ఏలూరులో బజ్జీల బండి దగ్గర సోమసుందరం ఛాతీ విరిచాడు. "కత్తిరింపులు ఆగిపోయాయి! వెనకాల నన్ను చూసి ముఠా పారిపోయింది! రాజుగారికి ఫోన్ చేసి చెప్పాను, మీరిక క్షేమం అని. ఆయన ఒకటే ఆనందం!"

మెహరున్నీసా పొట్లం విప్పింది. పైన రాజుగారు, లోపల మిరపకాయ బజ్జీలకి ఆనుకుని అపర మేధావి. "అవునండీ, మీ మొహం ఊరికే పోలేదు," అంటూ ఆఖరి బజ్జీ నోట్లో వేసుకుని, నూనె చేతులు ఆ ఫొటోకి శుభ్రంగా తుడుచుకుంది.