అరవై డిగ్రీల మనవరాలు

రైలు పట్టాలు అరవై డిగ్రీలు దాటితే బండ్లు మెల్లగా నడవాలి. లేకపోతే కాగిన పట్టా వంకర తిరుగుతుంది. అందుకే ఆ స్టేషన్ గది ముందు ఒక పట్టా ముక్క ఎండలో పడి ఉంటుంది. గ్యాంగ్‌మన్ దానిమీద థర్మామీటరు పెట్టి, వచ్చిన అంకె గంటగంటకూ చెప్పాలి.

ఆ ఉదయం అతను ఎండ మండిపోవాలని కోరుకున్నాడు. కూతురు చంటిబిడ్డతో పన్నెండు గంటల ఎక్స్‌ప్రెస్‌లో ఆ దారినే పోతోంది. ఆ బండి అక్కడ ఆగదు. రెప్పపాటులో పోతుంది. ఎండ ముదిరితే మాత్రం నడకలా కదులుతుంది. పుట్టాక ఒక్కసారీ చూడని మనవరాలి మొహం కిటికీలో చూడొచ్చు.

పదకొండింటికి అరవై ఒకటి. సంబరపడ్డాడు. అతను బండి వచ్చే వైపు చూస్తూ ఉండగా వెనక భార్య వచ్చింది. మొగుడి తువ్వాలు తడిపి, వేడి ఇనుము మీద చిటికెలో ఆరుతుందని ఆ ముక్కమీదే, థర్మామీటరు మీదుగా పరిచింది. సగం ఆరగానే తీసి అతని భుజాన వేసింది.

స్టేషన్ మాస్టరు వచ్చి చూశాడు. నలభై ఒకటి. బండ్ల వేగం నిర్ణయించే కంట్రోలు ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎక్స్‌ప్రెస్ పూర్తి వేగంతో పోవచ్చన్నారు.

"తప్పండీ! పట్టాలు కాలిపోతున్నాయి. నా అరికాళ్ళు చెబుతున్నాయి."

"నీ అరికాళ్ళు కాదు, నీ మనవరాలు చెబుతోంది."

పావుగంట తర్వాత అదే ముక్క అరవై మూడు చూపింది. మాస్టరు బుర్ర గోక్కుని మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఇంతలో ఇరవై రెండు పెరిగిందా? కింద పొయ్యి వెలిగించారా?" కంట్రోలాయన అరిచాడు. "మీ నలభై ఒకటి విని పక్క స్టేషన్ వాళ్ళు వాళ్ళ అరవైని కొట్టేసి నలభై రెండు రాసుకున్నారు! ఇక ఎవరినీ నమ్మను. బండి మీ దగ్గరే ఆపండి. ఇంజను ముందు, అసలు పట్టామీద, ఎనిమిది నిమిషాలు పెట్టి చూడండి."

"ఆగుతుందట!" గ్యాంగ్‌మన్ భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"బాగానే ఉంది. పెట్టేదెవరు?" అన్నాడు మాస్టరు.

బండి ఆగింది. అతను ఇంజను ముందు గొంతుక్కూచున్నాడు. అంకె మీంచి చూపు తిప్పకూడదు. వెనక ప్లాట్‌ఫారం మీద నవ్వులు. "నాన్నేడమ్మా?" అని కూతురి గొంతు.

అరవై రెండు.

ఇంజను కూత వేసింది; ప్లాట్‌ఫారం ఎక్కే వ్యవధి లేక అతను అవతలి పక్కకు తప్పుకున్నాడు. బండి మెల్లగానే, నడకలాగే కదిలింది. ఎండకు తాళలేక ఆ వైపు కిటికీలన్నీ మూసేసుకున్నారు.

బండి పోయాక భార్య పట్టాలు దాటి వచ్చింది.

"అంతా మా వైపు పోలికేనండీ. చెవులే, పాపం, మీవి."