పసుపు చేప పారణ

ఉపవాసం ఉన్నామని నలుగురికీ చెప్పుకున్నాక దాని ఫలం మనకే మిగులుతుందా, విన్నవాళ్ళకు కొంత పోతుందా అన్న సందేహం ఈ కథ చెప్పేవారికి చాలా ఏళ్ళుగా ఉంది. అడిగితే ముగ్గురు పెద్దలు మూడు రకాలుగా చెప్పారు. ఉపవాసం లేనివాళ్ళను ఉన్నారని చెబితే ఏమవుతుందని మాత్రం ఎవరినీ అడగవలసిన పని పడలేదు. అది బోధన్‌లో లింబాద్రి ఇంట్లో అందరి ఎదుటా తేలిపోయింది.

లింబాద్రి రైసు మిల్లులో గుమాస్తా. మెడలో తులసి మాల, ఏటా పండరిపురం ప్రయాణం, రెండు ఏకాదశులకూ ఉపవాసం. ఇరవై ఏళ్ళ సంసారంలో తన కోసమని అతను కోరుకున్నది ఒక్కటే. రెండడుగుల గాజు తొట్టి, అందులో నాలుగు చేపలు. భార్య శ్యామలమ్మ మూడేళ్ళు ఆలోచించి, ఒక షరతు మీద ఒప్పుకుంది.

"తెచ్చుకో. గని ఇంట్ల ఒక్క చేప సచ్చినా గా దినమే తొట్టి బయటికి. మాల ఉన్న ఇంట్ల సావులు నేను సూడలేను."

నిజామాబాద్‌లో రయీస్ అనే అతనిది రంగు చేపల దుకాణం. లింబాద్రి అక్కడ గంటన్నర నిలబడ్డాడు. వచ్చినవాళ్ళందరూ రంగు చూసి ఎంచుకుంటున్నారు. అతను మాత్రం ఒక్కొక్క చేప నడవడిక విచారించాడు.

"గీ మచ్చలది మంచిగున్నది. శాంతంగ పండుకున్నది."

"అది పండుకోలే సాబ్, నాటకం. సచ్చినట్టు పడుంటది. చిన్న చేప దగ్గరికొస్తే గుటుక్కుమని మింగుతది."

లింబాద్రి రెండడుగులు వెనక్కి వేశాడు. "మరి నీలంది?"

"పైల్వాన్. ఇద్దరు మగోళ్ళను ఏస్తే పొద్దుందాక కుస్తీలే. ఇవన్నీ సిక్లిడ్లనే ఆఫ్రికా చేపలు సాబ్, మీ తొట్టేమో చిన్నది. నన్నడిగితే గీ పసుపు రంగువి తీస్కోండ్రి. వీటిల్ల గివే జర షరీఫ్. మగది ఒకటి, ఆడయి మూడు. రాళ్ళు పేర్చుండ్రి, దాక్కోనీకి జాగ ఉంటే కొట్లాట తక్కువ."

"ఏం తింటయి?"

"మాత్రల మేత ఉంది. ఉడకబెట్టిన పాలకూర ఇయ్యుండ్రి, ఖుషీగ తింటయి. మీ నీళ్ళెట్లున్నయి?"

"బోరు నీళ్ళు. పప్పు ఉడకదు."

"వాహ్! వీటికి గసొంటి నీళ్ళే గావాలె."

పసుపు రంగు, పాలకూర భోజనం, పప్పు ఉడకని నీళ్ళు. ఇంతగా అన్నీ కుదిరిన సంబంధాన్ని లింబాద్రి మనుషుల్లో కూడా చూసి ఉండలేదు. ఆ చేపలు వచ్చి నెల దాటింది. రోజూ మిల్లు నుంచి రాగానే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, వాటి ముందు అరగంట కూర్చునేవాడు. బీపీ మాత్ర వేసుకోవడం రెండుసార్లు మరిచిపోయాడు కూడా.

తొలి ఏకాదశి పొద్దున అతని ఏర్పాటు ఎప్పటిదే: స్నానం, పూజ, చేపలకు మేత, మిల్లు. ఆ ఏర్పాటు మేత దగ్గర ఆగిపోయింది. మూడు చేపలు ఎగబడి తింటున్నాయి. నాలుగోది రాయి వెనక నిలబడి చూస్తోంది. దవడ కింద ఉబ్బుగా ఉంది. నాలుగైదు రోజులుగా అది ఇలాగే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. రయీస్‌కు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఇంతలో వెనక నుంచి శ్యామలమ్మ గొంతు వినిపించింది.

"గదేంది, గదొక్కటి తింటలేదు? రోగమా?"

తొట్టి గడప దాటుతున్నట్టు లింబాద్రికి కళ్ళకు కట్టింది. "రోగమెందుకు? ఇయ్యాల ఏకాదశి గద... ఉపవాసమున్నదేమో."

ఇరవై ఏళ్ళలో ఏకాదశి నాడు అబద్ధమాడని మనిషి మాట అది. శ్యామలమ్మ చేప వైపు తిరిగి చేతులు జోడించింది. మర్నాడు ద్వాదశికీ చేప నోరు తెరవలేదు. "చాతుర్మాస్య దీక్ష పట్టి ఉంటది" అన్నాడు లింబాద్రి. మొదటి మాట నిలబడాలంటే రెండో మాట అవసరమైంది.

శ్యామలమ్మ ఈ సంగతి కుళాయి దగ్గర ఒక్కరికే చెప్పింది. సాయంత్రానికి భజన మండలి పెద్ద రుక్మాబాయి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, తొట్టి ముందు కూర్చుంది. చేప ఉండుండి దేన్నో నములుతున్నట్టు నోరు కదుపుతోంది.

"తింటలేదంటివి, నోరాడుతున్నది గదనే?"

కాసేపు చూసి రుక్మాబాయే తేల్చి చెప్పింది. "జపం! విఠల విఠల అంటున్నది. పెదవులు సూడు, సక్కగ ఆడుతున్నయి."

ఆ వారం భజన లింబాద్రి ఇంటికి మారింది. ఎవరో తీసిన ఫొటో ఊళ్ళ ఫోన్లన్నీ తిరిగి, నవీపేట్ నుంచి ఆటో మాట్లాడుకుని జనం వచ్చారు. ఒకామె గాజుకు కుంకుమ పెట్టింది. ఇంకొకామె నీళ్ళలో తులసాకులు వేసింది. తెల్లవారుజామునే లేచి, ఆ ఆకులను చేపలు పట్టే చిన్న వల జాలితో తీసేయడం లింబాద్రికి కొత్త నిత్యకర్మ అయింది. రయీస్ ఫోను మోగుతుందే గాని ఎత్తేవాళ్ళు లేరు. బస్సెక్కి రెండుసార్లు పోయి చూసినా షట్టరు దించే ఉంది. తమ్ముడి పెండ్లి పనుల మీద నాందేడ్ పోయాడని పక్క దుకాణంవాళ్ళు చెప్పారు.

పక్కింటి జకియా కూడా చూడడానికి వచ్చింది. ఆమె భర్త ముక్తార్ దర్జీ. జకియా తొట్టి చుట్టూ తిరిగి చూసింది.

"మేము రోజా ఉంటే పొద్దు గూకంగనె ఇడుస్తం అక్కా. దీనికి ఇఫ్తార్ లేదా?"

"ఇది పెద్ద దీక్ష జకియా."

"దీక్ష వడితే ఎవరన్న సన్నగైతరు. దీనికేమో దవడ లావైతున్నది."

"జపం జేసీ జేసీ ఉబ్బింది" అంది రుక్మాబాయి. భజన మళ్ళీ మొదలైంది.

ఆపై ఏకాదశి నాడు, హారతి అయ్యాక, రుక్మాబాయి అందరి ముందూ సంకల్పం చెప్పింది. "రేపు ద్వాదశి. చేప పారణ జేసినంకనే నేను ముద్ద ముట్టుకుంట." ఆమెకు డెబ్బై రెండేళ్ళు, పైగా షుగరు. లింబాద్రి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. చేప తినకపోతే ముసలామె తినదు. నిజం చెబితే చేపకు రోగమని ఒప్పుకున్నట్టే, తొట్టి అప్పుడే బయటికి. అయినా పొద్దున చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాడు.

ద్వాదశి పొద్దున ఇంట్లో ముప్పై మంది ఉన్నారు. శ్యామలమ్మ వెండి గిన్నెలో ఉడికిన పాలకూర పట్టుకుని తొట్టి పక్కన నిలబడింది.

"రుక్మమ్మా, నేనొక మాట జెప్పాలె" అన్నాడు లింబాద్రి.

"పారణ కానియ్యి లింబాద్రీ. మాటలెటు పోతయి?"

పాలకూర నీళ్ళలో పడింది. పసుపు చేప రాయి వెనక నుంచి మెల్లగా ముందుకు వచ్చింది. చేప నోరు తెరిచింది. ఆకు లోపలికి పోలేదు గాని లోపలి నుంచి ఒక చిన్న చేప బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక నాలుగు.

భజన తాళాలు పట్టుకున్నామె చేతుల్లోంచి అవి జారి కిందపడ్డాయి. "మింగినయి కక్కుతున్నది!" అని ఎవరో అరిచారు.

రుక్మాబాయి లేచి నిలబడింది. "ఏకాదశి పూట నోట్లె చేపలా? ఇన్ని దినాలు నాతోని హారతులు వట్టిచ్చుకొని లోపట నీసు దింటున్నదా?"

సరిగ్గా అప్పుడే లింబాద్రి ఫోను మోగింది. కంగారులో అతని వేలు ఎక్కడ తగిలిందో, రయీస్ గొంతు ఇల్లంతా వినిపించింది.

"మాఫ్ జెయ్యుండ్రి సాబ్, ఫోను దుకాణంల చార్జింగుకు పెట్టి మర్చిపోయిన. ఇప్పుడే షట్టర్ తీసిన. ఇరవై ఫోన్లు జేసిండ్రు, ఏమైంది?"

"చేప ఇరవై దినాల సంది మేత ముడతలేదు. ఇప్పుడేమో నోట్లకెల్లి పిల్లలు..."

"ముబారక్ సాబ్! అది తల్లి. గుడ్లను నోట్లనే పెట్టుకొని పొదుగుతది. పిల్లలయ్యేదాక మూడు వారాలు ఏం తినది. తింటే పిల్లలు కడుపులకు వోవా?"

"నేనన్న గద, దవడ!" అంది జకియా తలుపు దగ్గర నుంచి.

రుక్మాబాయి మళ్ళీ కూర్చుని, తొట్టి దగ్గరికి మొహం పెట్టి చూసింది. "నేను నలుగురిని కన్న. ఒక్కని కోసం గూడ గిన్ని దినాలు ఉపాసం లేను" అంది మెల్లగా. తర్వాత ఉన్నట్టుండి ఆమెకు శాస్త్రం గుర్తొచ్చింది. "ఆగుండ్రి. ఇది పురుడు! పురుడొచ్చిన ఇంట్ల పారణ ఎట్ల జేస్తం? పది దినాలు గీ ఇంట్ల భజన లేదు. లెవ్వుండ్రి."

ముప్పై మందీ ఐదు నిమిషాల్లో చెప్పులు వెతుక్కున్నారు. చేపలకు పురుడు ఉంటుందా అని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. జకియా కూడా పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ వెళ్ళిపోయింది.

ఇల్లు ఖాళీ అయ్యాక లింబాద్రి నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఉపవాసమన్నది నా మాటనే. తొట్టి వోతదని భయపడి అన్న."

"నాకు నిన్ననే, నువ్వు గోడకు ఆనుకున్నప్పుడే అనుమానం వచ్చింది. ఏకాదశి నాడు అబద్ధమాడితివి గద, పోయింది నీ ఉపవాసం. చేపది మంచిగనే సాగింది" అంది శ్యామలమ్మ. పిల్లలను లెక్కపెట్టింది. పంతొమ్మిది. అప్పటికే మగ చేప వాటి వెంటపడుతోంది. వెంటనే వేరు చేయకపోతే పెద్దవి మింగేస్తాయని రయీస్ మరీ మరీ చెప్పి ఫోను పెట్టేశాడు.

"షరతు పిల్లలకు గూడనా?" అని అడిగాడు లింబాద్రి.

"ఎందుకుండది? నా ఇంట్ల పుట్టినయి నా ఇంట్ల సావద్దు. ఒక్కటి పోయినా తొట్టి బయటికే. జాలి వట్టు."

శ్యామలమ్మ స్టూలెక్కి అటక మీది నుంచి మూత ఉన్న పెద్ద స్టీలు డేక్సా దించింది. అది జకియాది. శ్యామలమ్మకు కొడుకు శ్రావణ్ పుట్టినప్పుడు జకియా అందులో నిండా ఖీరు పోసి పంపింది. గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఆ ఉగాదికి పూర్ణం పెట్టి చేసిన పోలెలు మాడిపోయాయి. తర్వాతి పండుగకు జకియా వాళ్ళు ఊళ్ళో లేరు. ఏళ్ళు గడిచిన కొద్దీ, ఇంత ఆలస్యానికి తగినంత గొప్పది ఏదీ శ్యామలమ్మ వంటింట్లో తయారు కాలేదు. అట్లా పదహారేళ్ళయింది.

ఇద్దరూ కలిసి తొట్టి నీళ్ళతోనే డేక్సా నింపి, పంతొమ్మిది పిల్లలనూ అందులోకి దించారు. శ్యామలమ్మ రెండు చేతులా పట్టుకుని పక్కింటికి నడిచింది.

జకియా తలుపు తీసి, గిన్నెను చూసి నోరు తెరిచింది. "యా అల్లా, గిది నా డేక్సా! పోగొట్టిన్నని మా అత్తతోని ఎన్ని తిట్లు దిన్ననో తెలుసా అక్కా?"

"ఖాళీగ ఎట్ల ఇస్త జకియా? గందుకే ఆగిన."

జకియా మూత తీసింది. పంతొమ్మిది పసుపు చుక్కలు ఒకేసారి అడుక్కి దిగాయి. "శ్రావణ్ పుట్టిండని నేను ఖీరు ఇస్తి. నువ్వు పిల్లలనే ఇస్తివి గదనే!" అని నవ్వి, లోపలికి తిరిగి కూతురిని కేకేసింది. "మరియం! ఇటు రా, జల్ది!"

శ్యామలమ్మ తేలికైన చేతులతో ఇంటికి వచ్చింది. పదహారేళ్ళ బాకీ తీరింది. జకియా మాత్రం, ముక్తార్ ఒక తొట్టి కొని తెచ్చేదాకా, తిరిగి వచ్చిన డేక్సాను చేపలకే వదిలేసి పాలు వేరే గిన్నెలోనే కాచుకుంది.