దేవుడి పటం పక్కన పెన్‌డ్రైవ్

ఎన్నో ఏళ్లుగా నాకొక సందేహం. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టి, "ఆపదొస్తే నువ్వే దిక్కు స్వామీ" అంటాను కదా. మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నాకు నిండా జుట్టుండేది, పొట్ట ఉండేది కాదు. ఇప్పుడంతా తారుమారు! తీరా ఆపదొచ్చి, ఆయన పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి "ఎవరు నాయనా నువ్వు?" అంటే నా గతేం కాను?

పెద్దల్ని అడిగితే కళ్లుపోతాయన్నారు. జవాబు చివరికి మా ఇంటి కంప్యూటర్ చెప్పింది. అందుకే ఢంకా బజాయించి చెబుతున్నాను: ఆపదలో మనల్ని గుర్తుపట్టని రక్షకుడే ఈ కాలంలో మనిషికి దొరికిన గొప్ప వరం!

నవ్వకండి. వినండి.

కంప్యూటర్ కొన్న రోజున మా బావమరిది ఒక పెన్‌డ్రైవ్ తయారుచేసి నా చేతిలో పెట్టాడు. "బావా, ఇది రెస్క్యూ పెన్‌డ్రైవ్. ఎప్పుడైనా మిషను లేవకపోతే దీన్ని గుచ్చి ఆన్ చెయ్యి. ఇదే లేచి, లోపలున్నవన్నీ బయటికి తెచ్చిపెడుతుంది" అన్నాడు.

ప్రాణదాత! అలాంటిదాన్ని సొరుగులో పారేస్తామా? దేవుడి పటం పక్కన పెట్టాను. పటంతో పాటు దానికీ రోజూ ఒక పువ్వు. ఇక దాన్ని ముట్టుకున్న పాపాన ఎవరూ పోలేదు.

కొన్నాళ్లకు కంప్యూటర్ ఒక కబురు చెప్పింది. డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతి పాతబడిందట. కొత్తది వచ్చిందట. ఒకసారి మారితే మళ్లీ వెనక్కి రాలేమట. ఇష్టమేనా అని అడిగింది.

"నొక్కెయ్ బావా! ఊరికే వస్తుంటే ఇంకా ఆలోచిస్తావేంటి?" అన్నాడు బావమరిది. అప్‌డేట్ అన్న మాట చెవిన పడితే ముందున్న కంచం వదిలేసి లేచే రకం వాడు.

నొక్కాను. కంప్యూటర్ లేడిపిల్లలా పరుగెత్తింది. మొన్న శుక్రవారం పొద్దున మాత్రం లేవనంది.

"ఏవండీ, నా పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి!" అంది మా ఆవిడ.

చూపులేని పిల్లల బడి కోసం ఆవిడ పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. సోమవారం సైన్సు పరీక్ష. "చెవులతో చదువుకునే పిల్లలండీ. ఇవి అందకపోతే తిరగేసుకోవడానికి వాళ్ల దగ్గర ఇంకేం లేదు" అంది.

నేనుండగా భయమా! పటం దగ్గరికెళ్లి, పువ్వు తీసి, కళ్లకద్దుకుని, పెన్‌డ్రైవ్ గుచ్చాను. లేచింది! ఎంత ఠీవిగా లేచిందనుకున్నారు! డిస్కు వైపు ఒక చూపు చూసింది. "ఇందులో నాకు తెలియని కొత్త పద్ధతులున్నాయి. తెరవలేను" అంది.

"తాళం మార్చాం బావా. దేవుడి దగ్గరున్నది పాత తాళంచెవి" అన్నాడు బావమరిది, తల గోక్కుంటూ. "ఆ రోజే దీన్ని కూడా కొత్తగా చేసుకోవాల్సింది."

"ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చుగా?"

"నాకు తట్టలేదు బావా."

పాఠక మహాశయులారా! మా పెళ్లినాటి నుంచి నేటి వరకు వాడి నోట "నాకు తట్టలేదు" అన్న మాట విన్న మానవుడు లేడు. ఇది వరం కాక మరేమిటి?

ఒక్కసారి చుట్టూ చూడండి. వరాలు ఎన్ని లేవు? మా ఆఫీసు లిఫ్టులో ఆపద బటన్ నొక్కితే, ఎప్పుడో ఖాళీ చేసిన గదిలో ఫోన్ మోగుతుంది. ఎంత ప్రశాంతత! ఎత్తేవాడు లేడు, విసుక్కునేవాడు లేడు. మంటలొస్తే పారిపోవాల్సిన మెట్ల మీద విరిగిన కుర్చీలు పేర్చారు. ఆ దారిన మంటలు కూడా పైకి రాలేవు! మందుల పెట్టెలో ప్లాస్టర్లకు జిగురు పోయింది. దెబ్బ తగిలినవాడికి ఓర్పు వచ్చింది. మా పక్కింటాయన తలుపు తాళం మార్చి, పాత తాళంచెవిని వియ్యంకుడింట్లో భద్రంగా దాచాడు. ఇంటి బయట ఇరుక్కున్న రోజున దానికోసం వెళ్లి, భోంచేసి, ఒక కునుకు తీసి వచ్చాడు. తలుపు తెరుచుకోలేదనుకోండి, వియ్యంకులు మాత్రం దగ్గరయ్యారు!

మా ఆవిడకు ఈ వేదాంతం రుచించలేదు. "ఆ ఓర్పేదో పరీక్ష హాల్లో ఆ పిల్లలకి మీరే వెళ్లి చెప్పిరండి" అంది.

బావమరిది తన ఆఫీసుకు పరుగెత్తి, కొత్త వెర్షన్‌తో మరో పెన్‌డ్రైవ్ చేసుకొచ్చాడు. దాన్ని చూడగానే డిస్కు, చిన్ననాటి స్నేహితుణ్ణి చూసినట్టు తెరుచుకుంది.

ఆవిడ దానికి దణ్ణమైనా పెట్టలేదు! టేబుల్ సొరుగులో పడేసి, "లోపల పద్ధతి మారిన రోజే దీన్నీ మార్చాలి. మార్చాక ఒకసారి గుచ్చి చూడాలి" అని ఆర్డరు వేసింది.

ఎంత అపచారం! రక్షించేదాన్ని పూజించాలి గానీ పరీక్షిస్తారా? పూజకైతే ఒక పువ్వు చాలు. పరీక్షకైతే మనం లేవాలి, కూర్చోవాలి, చెయ్యి కదపాలి! మారితే వెనక్కి రాలేరని అంత మర్యాదగా చెప్పిన కంప్యూటర్ కూడా, "నన్ను కాపాడేదాన్ని కూడా మార్చుకో నాయనా" అన్న ఒక్క ముక్క ఎందుకు మింగేసిందంటారు? మన భక్తి మీద దానికి అంత నమ్మకం!

"ఫైళ్లు పాడవలేదని రూఢి కావాలి. ఎవరైనా ఒక పాఠం చివరిదాకా వినండి" అన్నాడు బావమరిది.

మా ఆవిడ నా వైపు చూసింది. మొదటి పాఠం రికార్డు చేసిన రోజున "విని ఎలా ఉందో చెప్పండి" అని అడిగింది. "తీరిగ్గా వింటాలే" అన్నాను. ఆ తీరిక ఇంకా దారిలోనే ఉంది.

ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. వానపాము పాఠం. ఎంత చక్కటి గొంతు! వానపాము మట్టిలోకి దిగుతుండగా వెనక నుంచి ఒక గావుకేక: "ఏమోయ్, టీ ఏమైంది?" ఎవడీ మోటువాడు అనుకున్నాను. నేనే! "పిల్లలూ, ఒక్క నిమిషం" అంది ఆవిడ గొంతు. గిన్నెల చప్పుడు. మళ్లీ వచ్చి, వదిలిన వాక్యం దగ్గరే అందుకుంది.

చివరి దాకా విన్నాను. ఇయర్‌ఫోన్లు తీసి, "చాలా బాగా చదివావోయ్" అన్నాను.

"ఇన్నేళ్లకా! బడిలో మీరు అప్పుడే ఫేమస్సు. పిల్లలు మిమ్మల్ని టీ తాతయ్య అంటారు."

"అననీ. నేను మాత్రం పాఠం మొత్తం విన్నాను. కావాలంటే ప్రశ్నలడుగు."

నమ్మలేనట్టు చూసింది. "వానపాము దేంతో ఊపిరి పీలుస్తుంది?"

"చర్మంతో!"